చివరి తూము దగ్గర నిలబడి చదువు

ఆలంపూర్

బిడ్డా,

నీ ఉత్తరం శనివారం అందింది. ఎల్‌ఎల్‌ఎంలో సముద్ర న్యాయం తీసుకున్నానని రాశావు. ఇంట్లో చెబితే మీ బాపు నవ్వాడని, "ఎండకాలం ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టేటోళ్లం, మనకు సముద్రమెక్కడిది" అని మీ నాయనమ్మ అన్నదని కూడా రాశావు. నీకు మనసు చివుక్కుమన్నట్టు ఆ రాతలోనే తెలిసింది. ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. పాలమూరు నుంచి సముద్రం చూడాలంటే ఒక రాత్రి ప్రయాణం. కానీ నీళ్లను గీత గీసి పంచుకుంటే ఏమవుతుందో, గీత గీసినంక కూడా నీళ్లు రాకపోతే ఎట్లుంటుందో మనవాళ్లకు తెలిసినంతగా తెలిసినవాళ్లు తక్కువ. అందుకే నీ సబ్జెక్టు నాకు పరాయిదిగా అనిపించలేదు.

ఏ కేసుతో మొదలుపెట్టాలి మామా అని అడిగావు. కేసు పేరు తర్వాత చెప్తాను. ఎక్కడ నిలబడి చదవాలో ముందు చెప్పనీ.

రాజోలిబండ కాలువ నీకు గుర్తుండే ఉంటుంది. చిన్నప్పుడు సెలవుల్లో వచ్చినప్పుడు దాని గట్టు మీద ఆడుకున్నావు. తుంగభద్ర మీద ఆ ఆనకట్ట కర్ణాటకలో ఉంది, రాయచూరు జిల్లాలో. అక్కడ మొదలైన ఎడమ కాలువ 143 కిలోమీటర్లు నడిచి మన గద్వాల, ఆలంపూర్ చెలకల దాకా రావాలి. మన వైపు ఆయకట్టు 87,500 ఎకరాలు. కృష్ణా జలాలు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఈ కాలువ కింద మన వాటా 15.9 టీఎంసీలని తేల్చింది. ఇంతకంటే స్పష్టమైన తీర్పు ఉండదు. అంకె ఉంది, పేరు ఉంది, సంతకాలు ఉన్నాయి. నేను వకాలతు మొదలుపెట్టిన కొత్తలో ఒక రైతు నా టేబుల్ మీది దుమ్ములో ఆ అంకెను వేలితో రాసి, "కాయితం మీద ఇంత ఉన్నదంట సారూ, మా తూము కాడ మట్టి తడుస్తలేదు" అన్నాడు. కాలువలో పూడిక, గండ్లు, పైన వాడుకోగా మిగిలితేనే కిందికి వచ్చే నీళ్లు. ఆనకట్ట ఎత్తు పెంచే పని మీద అటు ఒడ్డుకు, ఇటు ఒడ్డుకు గొడవ. చివరికి తుమ్మిళ్ల దగ్గర లిఫ్టు కట్టి, 2018లో ఈ కాలువ చివరి భాగానికి నీళ్లు ఎత్తిపోయాల్సి వచ్చింది. కాగితం మీద మనవైన నీళ్లకే మళ్లీ మోటార్లు పెట్టుకున్నాం.

నా పనిలోనూ ఇదే చూశాను. ఒక గెట్టు తగాదాలో టీపన్, సేత్వారు, పహాణీలు లాంటి భూమి కాగితాలన్నీ ముందుపెట్టి గెలిచాను. డిక్రీ వచ్చిన నాడు ఆ ముసలాయన నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. ఆ తర్వాత పదకొండేళ్లు అమలు పిటిషన్ చుట్టూ తిరిగి, ఆ గుంటల్లో అడుగు పెట్టకుండానే పోయాడు. అప్పటి నుంచి ఏ తీర్పు చేతికొచ్చినా నేను చివరి పేజీ నుంచి మొదలుపెడతాను. ఇది అమలయ్యేది ఎవరి చేతుల మీదుగా, అందేది ఎవరికి, అందకపోతే ఆ మనిషి ఎవరి గడప ఎక్కాలి అని చూస్తాను. సముద్రం కేసులు కూడా నువ్వు ఇట్లాగే, కాలువ చివరి తూము దగ్గర నిలబడి చదవాలని నా కోరిక.

ఇప్పుడు కేసు. బంగ్లాదేశ్, భారత్ మధ్య బంగాళాఖాతం సరిహద్దు మీద 2014 జూలై 7న వచ్చిన అవార్డుతో మొదలుపెట్టు. అది పేపర్లో వచ్చిన రోజు నాకు గుర్తుంది. అయిదుగురు మధ్యవర్తుల్లో పెమ్మరాజు శ్రీనివాసరావు అన్న పేరు చూసి, మన తెలుగాయన అక్కడ కూర్చున్నాడా అని మొత్తం తెప్పించుకున్నాను. నిఘంటువు పక్కన పెట్టుకుని చదవడానికి ఆ వానకాలమంతా పట్టింది.

ముందు ఆ కేసు ఎట్లా మొదలైందో చూడు. ముప్పై ఏళ్లకు పైగా రెండు దేశాలు మాట్లాడుకుంటూనే ఉన్నాయి, తేలలేదు. 2009 అక్టోబర్ 8న బంగ్లాదేశ్ నోటీసు ఇచ్చింది. మనది పెద్ద దేశం, పెద్ద నౌకాదళం. అయినా 'మేం రాము' అనే వీలు మనకు లేదు. ఎందుకంటే 1982 సముద్ర న్యాయ ఒప్పందం మీద చేవ్రాలు చేసి, 1995లో ఆమోదించినప్పుడే, తగాదా వస్తే మూడోవాళ్ల ముందుకు వస్తామని మాట ఇచ్చేశాం. ఒప్పందం నాలుగు తలుపులు చూపిస్తుంది: హాంబర్గ్‌లోని సముద్ర న్యాయ ట్రిబ్యునల్, హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం, ఏడో అనుబంధం కింద మధ్యవర్తులు, ఎనిమిదో అనుబంధం కింద నిపుణులైన మధ్యవర్తులు. ఏ తలుపూ ఎంచుకోని దేశం, లేదా చెరొకటి ఎంచుకున్న దేశాలు ఏడో అనుబంధం కిందికే పోతాయి. తగాదా పుట్టకముందే, ఎవరి మీద ఎవరికీ కోపం లేనప్పుడే, రేపటి పంచాయితీకి పెద్దమనుషులు ఎవరో రాసిపెట్టుకోవడం ఇది. నలభై ఏళ్ల వకాలతులో అన్నదమ్ముల పంపకాలు ఎన్నో చూశాను. ఈ పని ముందే చేసుకున్న కుటుంబం ఒక్కటి కూడా నాకు తగల్లేదు.

నీళ్ల మీద గీత గీయాలన్నా మొదటి రాయి నేల మీదే ఉండాలి. 1947లో రాడ్‌క్లిఫ్ బెంగాల్‌ను చీల్చినప్పుడు హరియాభంగా, రాయ్‌మంగల్ నదుల ప్రధాన ప్రవాహం మధ్యలో హద్దు అన్నాడు. ఆ హద్దు సముద్రంలో ఎక్కడ అడుగుపెడుతుంది? దాదాపు డెబ్భై ఏళ్ల నాటి నక్షాను, మారిపోయిన నదీ ముఖాన్ని పక్కపక్కన పెట్టి వాదించుకున్నారు. నేను గద్వాల కోర్టులో నక్షా నకలు పట్టుకుని చేసిన వాదనలే అక్కడ కనబడ్డాయి. 2013 అక్టోబర్‌లో మధ్యవర్తులు స్వయంగా ఆ డెల్టాకు వెళ్లి తీరం చూసివచ్చారు. మన కోర్టు కమిషనర్ పొలానికి పోయి గట్టు మీద నడిచినట్టే.

ఒక ద్వీపం కథ కూడా ఉంది అందులో. 1970 తుఫాను తర్వాత నది ముఖద్వారంలో ఒక ఇసుక దిబ్బ తేలింది. మనం న్యూ మూర్ అన్నాం, వాళ్లు దక్షిణ తల్పట్టి అన్నారు. ఇద్దరమూ మాదంటే మాదన్నాం. అవార్డు వచ్చేనాటికి అది నీటి మట్టానికి కిందికి పోయింది. అలాంటి దాన్ని ఆధారంగా పెట్టుకుని గీత గీయలేమని మధ్యవర్తులు పక్కన పెట్టారు. చివరికి దిబ్బ ఉన్న చోటు మన వైపు పడింది, నీళ్లు మాత్రం ఎక్కువగా వాళ్ల వైపు పడ్డాయి. వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు వచ్చాయి.

గీత ఎట్లా గీశారో జాగ్రత్తగా చదువు. మొదట రెండు తీరాలకూ సమదూరంలో ఒక తాత్కాలిక గీత. బంగ్లాదేశ్ తీరం లోపలికి వంగి ఉంటుంది, అందుకని ఆ గీత వాళ్ల సముద్రాన్ని మధ్యలోనే కోసేస్తుంది. మూలన పడ్డ పొలానికి దారి లేనట్టు. దాన్ని సరిచేయడానికి గీతను జరిపి, ఒక చోటు నుంచి 177 డిగ్రీల 30 నిమిషాల దిశలో తిన్నగా దించారు. బంగ్లాదేశ్ అడిగింది 180 డిగ్రీలు. ఇంత జరపడం శ్రీనివాసరావు గారికి సమ్మతం కాలేదు. నీళ్లు ఒకరివి, అడుగునేల ఇంకొకరిది అయ్యే ఒక బూడిద రంగు ముక్క మిగలడమూ ఆయన ఒప్పుకోలేదు. విడిగా తన అభిప్రాయం రాశారు. బిడ్డా, ఆ అసమ్మతిని దాటవేయకు. క్లాసులో అందరూ మెజారిటీ చదివి ఊరుకుంటారు. గెలిచిన వాదన ఎక్కడ బలహీనంగా ఉందో ఓడిన వాదనే చూపిస్తుంది. పైగా ఆయన 1985 నుంచి 2002 దాకా మన విదేశాంగ శాఖ న్యాయ సలహాదారు. ఒక దేశం చేసే పని పక్క దేశానికి హాని చేయకుండా ముందే ఎట్లా ఆపాలన్న దాని మీద అంతర్జాతీయ న్యాయ సంఘంలో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. ఊరికే గీత దగ్గర మొండికేసే రకం కాదు.

ఆ తర్వాత జరిగిందే నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించింది. ఓడిన భాగం పెద్దదైనా ఢిల్లీ ఆ అవార్డును ఒప్పుకుంది. ఎవరూ పడవలు అడ్డంపెట్టలేదు. మరుసటి ఏడాదే రెండు దేశాలూ నేల మీది చిట్‌మహల్‌ల, అంటే ఒకరి దేశంలో చిక్కుకున్న ఇంకొకరి ముక్కల, చిక్కు కూడా విప్పుకున్నాయి. ఇప్పుడు 2023 నవంబర్ 30 గుర్తు చేసుకో. మన తెలంగాణ అసెంబ్లీ పోలింగ్ రోజు. తెల్లవారకముందే నాగార్జునసాగర్ డ్యామ్ మీదికి అటువైపు ఆంధ్ర పోలీసులు వచ్చి 26 గేట్లలో 13 పట్టుకున్నారు, ముళ్లకంచె వేశారు, కుడి కాలువకు నీళ్లు వదిలారు. ఇటువైపు పోలీసులు ఎదురెళ్లారు. చివరికి కేంద్ర బలగాలు వచ్చి నిలబడ్డాయి. ఒకే దేశం, ఒకే భాష, ఒకే నది, ట్రిబ్యునల్ మీద ట్రిబ్యునల్. ఆ రోజు టీవీ ముందు కూర్చుని నేను ఆ బంగాళాఖాతం అవార్డు గురించే ఆలోచించాను. రెండు దేశాలు చేసుకోగలిగింది మనం ఒక డ్యామ్ మీద చేసుకోలేకపోయాం. నాకు సిగ్గుగా అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

అట్లాగని సముద్ర న్యాయం పూజగదిలో పెట్టాల్సిన వస్తువు కాదు. దానికీ వెనక తలుపు ఉంది. ఆ 1982 ఒప్పందంలోని 298వ అధికరణం కింద సరిహద్దు గీతల తగాదాలను, సైనిక కార్యకలాపాలను మా మీద నిర్బంధ విచారణకు పెట్టొద్దని ఏ దేశమైనా ముందే రాసి ఇవ్వొచ్చు. మన రాజ్యాంగంలో 262వ అధికరణం నది తగాదాలను సుప్రీంకోర్టు గడప బయట ఆపడానికి వీలిచ్చింది కదా, ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు. నీళ్ల దగ్గరికి వచ్చేసరికి అధికారంలో ఉన్నవాళ్లు జడ్జిని కాస్త దూరంగా నిలబెడతారు. చైనా ఆ మినహాయింపు రాసి ఇచ్చింది. ఫిలిప్పీన్స్ గీత జోలికి పోకుండా, ఇవి దీవులా, రాళ్లా, మీ చారిత్రక హక్కుకు ఆధారం ఉందా అని అడిగి గెలిచింది. 2016 జూలై 12న అవార్డు వచ్చింది. చైనా విచారణకు రాలేదు, అవార్డును ఒప్పుకోలేదు. ఫిలిప్పీన్స్ మత్స్యకారుడికి ఆ కాగితం రాజోలిబండ చివరి రైతుకు 15.9 టీఎంసీల లాంటిదే.

గీత జరపలేని చోట కూర్చోబెట్టి మాట్లాడించే దారీ ఉంది. ఆస్ట్రేలియా ఈ మినహాయింపు చాటున ఉన్నప్పుడు, చిన్న దేశం తిమోర్-లెస్తె నిర్బంధ సంధి కమిషన్ కోరింది. కమిషన్ మాటకు కట్టుబడే బాధ్యత ఎవరికీ లేదు. అయినా 2018 మార్చిలో ఇద్దరూ సరిహద్దు ఒడంబడిక రాసుకున్నారు. రచ్చకట్ట మీద పెద్దమనుషులు ఎట్లా పనిచేస్తారో మీ తాత దగ్గర విన్నావు. ఈ కేసు నీకు తేలిగ్గా అర్థమవుతుంది.

ఇక నా మనసుకు దగ్గరైన సంగతి. మనవాళ్లు పాలమూరు లేబర్ అన్న పేరుతో దేశమంతా తిరిగి డ్యాములు కట్టారు, కాలువలు తవ్వారు. శ్రీకాకుళం తీరానిదీ అదే కథ. అక్కడి మత్స్యకారులు ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లోని వెరావల్ పోయి వేరేవాళ్ల పడవల మీద కూలికి వేటాడతారు. 2018 నవంబర్‌లో అట్లా పోయినవాళ్లను పాకిస్తాన్ పట్టుకుంది. డి. మత్స్యలేశం లాంటి ఊళ్లలో ఇల్లాళ్లు అధికారుల చుట్టూ తిరిగారు. వాళ్లలో 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర ఇటువైపు అడుగుపెట్టారు. దాదాపు పధ్నాలుగు నెలలు కరాచీ జైలు.

ఇప్పుడు నీ పుస్తకం తెరువు. ఆ ఒప్పందంలో 73వ అధికరణం చూడు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు దాటి 200 మైళ్ల దాకా ఉండే ప్రత్యేక ఆర్థిక మండలంలో చేపల చట్టం మీరితే, ఆ దేశాల మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు, జైలు శిక్ష వేయకూడదు. సరైన పూచీకత్తు తీసుకుని పడవనూ మనుషులనూ వెంటనే వదలాలి. వదలకపోతే 292వ అధికరణం కింద జెండా దేశం హాంబర్గ్ పోవచ్చు. పన్నెండు మైళ్ల లోపల అయితే లెక్క వేరు. మరి వీళ్లను పట్టుకున్నది ఏ నీళ్లలో? సర్ క్రీక్ దగ్గర రెండు దేశాల గీతే ఇంకా తేలలేదు. గీత తేలని నీళ్లలో దిక్సూచి కూడా సరిగా లేని కూలి మనిషి ఏ దేశంలో ఉన్నట్టు?

హాంబర్గ్ ఆ పని చేయలేదా అంటే, చేసింది. 1999 సెప్టెంబర్‌లో కమూకో అనే చేపల ఓడను దక్షిణ మహాసముద్రంలో ఫ్రాన్స్ పట్టుకుంది. దాని జెండా దేశం పనామా 2000 జనవరి 17న దరఖాస్తు వేసింది, ఫిబ్రవరి 7న తీర్పు వచ్చింది. మూడు వారాలు! ఫ్రాన్స్ అడిగిన 2 కోట్ల ఫ్రాంకుల జమానతును 80 లక్షలకు దించి, ఓడనూ కెప్టెన్‌నూ వదలమంది. ఆ బెంచికి అధ్యక్షుడు ఎవరో తెలుసా? మన పాటిబండ్ల చంద్రశేఖరరావు గారు. 1996 నుంచి 2017 దాకా ఆ ట్రిబ్యునల్‌లో న్యాయమూర్తి, 1999 నుంచి 2002 దాకా అధ్యక్షుడు. అంతకుముందు కేంద్ర న్యాయశాఖలో ఉండి 1996 మధ్యవర్తిత్వ చట్టానికి రూపం ఇచ్చిన మనిషి. నువ్వు రేపు ఏ ఆర్బిట్రేషన్ ఆఫీసులో చేరినా చేతిలో ఉండేది ఆయన చట్టమే.

దరఖాస్తు పడ్డాక కమూకోకు మూడు వారాలు, మత్స్యలేశం మనుషులకు పధ్నాలుగు నెలలు. చట్టం ఒకటే, పడవ వేరు. ఖరీదైన ఓడకు యజమాని, లాయరు, జమానతు కట్టే డబ్బు ఉన్నాయి. కూలి మనిషి కోసం హాంబర్గ్ ఎవరు పోతారు? భారత్, పాకిస్తాన్ 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు మార్చుకుంటాయి. ఆ జాబితాలో పేరుందా లేదా అన్నదే వాళ్ల ఇంటివాళ్లకు తెలిసే న్యాయం. నీ థీసిస్‌కు అంశం వెతుక్కుంటున్నానన్నావు. నా మాట వింటే ఇది తీసుకో. సరిహద్దు తేలేదాకా ఆగకుండానే, పట్టుబడ్డ మత్స్యకారులను వారాల్లో వదిలించే ఏర్పాటు ఎట్లా ఉండాలి? దాని మీద రాయి. రాసేముందు వెరావల్ పోయి వచ్చిన నలుగురితో మాట్లాడు. వాళ్ల మాటలు నీ ఫుట్‌నోట్లలోకి కాదు, మొదటి పేజీలోకి రావాలి.

ఎన్రికా లెక్సీ కేసు కూడా చదువు, తొందరపడి మన ఓటమి అనుకోకు. 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరానికి దూరంగా ఇటలీ ఓడ మీది నౌకా సైనికులు కాల్చితే ఇద్దరు మత్స్యకారులు పోయారు. ఆ బెంచిలో చంద్రశేఖరరావు గారే కూర్చున్నారు. 2018 అక్టోబర్‌లో ఆయన కాలం చేస్తే ఆ కుర్చీలోకి శ్రీనివాసరావు గారు వచ్చారు. ఒక తెలుగువాడి తర్వాత ఒక తెలుగువాడు. 2020 అవార్డులో మన కోర్టుల విచారణ నుంచి సైనికులకు రక్షణ ఉందని ముగ్గురు, లేదని ఇద్దరు. లేదన్న ఇద్దరిలో శ్రీనివాసరావు గారు ఒకరు. అయితే మన పడవ ప్రయాణ స్వేచ్ఛకు ఇటలీ భంగం కలిగించిందని, పరిహారం ఇవ్వాలని కూడా తేలింది. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు 10 కోట్ల రూపాయలు జమ అయ్యాకే ఇక్కడి కేసు మూసింది. రెండు కుటుంబాలకు నాలుగేసి కోట్లు, పడవ యజమానికి రెండు. డబ్బు కోర్టులో జమ కాకముందు ఫైలు మూయలేదన్న సంగతి గుర్తు పెట్టుకో. నా ముసలాయనకు దొరకనిది అదే.

చదువు సంగతి రెండు ముక్కలు. నక్షా చదవడం నేర్చుకో. చార్టు మీది లోతు అంకెలు, నీళ్లు దిగినప్పటి గీత, ఆధార బిందువు ఇవి తెలియకుండా సముద్ర న్యాయం మాట్లాడేవాళ్లను చూసి నేర్చుకోకు. ఫ్రెంచి మొదలుపెట్టు, హాంబర్గ్ తీర్పులు రెండు భాషల్లో ఉంటాయి. ఒక్కోసారి ఒక భాషలో మసకగా ఉన్నది రెండో దాంట్లో తేటపడుతుంది. మూట్‌కోర్టు కప్పుల కోసం నిద్ర పాడుచేసుకోకు.

సంక్రాంతికి వస్తావు కదా. 2014 అవార్డులోని మ్యాపులు పెద్ద కాగితం మీద ప్రింటు తీయించుకుని రా. నా కంపాస్ పెట్టె, స్కేలు ఇంకా బాగానే ఉన్నాయి. వరండాలో పరుద్దాం. సమదూరపు గీత నేను గీస్తాను, 177 డిగ్రీల 30 నిమిషాలది నువ్వు గీయి. మీ నాయనమ్మను కూడా తోలుకుని రా, పక్కన కూర్చోబెట్టుకుని ఏది ఎవరిదో ఆమెకు చెప్పు. మరునాడు పొద్దున్నే బండి మీద కాలువ వెంట చివరి దాకా పోయి, ఈ యాసంగికి ఎంత వరకు నీళ్లు వచ్చాయో చూసి వద్దాం. మీ అత్త జొన్నరొట్టెలు కట్టి ఇస్తానంటున్నది.

నీ
మామ